చెట్టుకు ఆనించిన తుపాకి

విరాటపర్వంలో పాండవులు అజ్ఞాతవాసానికి పోబోతూ తమ ఆయుధాలను మూటగట్టి ఊరి వెలుపల శమీవృక్షంమీద దాచిన ఘట్టం మన బడిపిల్లలందరకూ తెలిసినదే. ఏడాది గడచిన పిమ్మట అర్జునుడు ఉత్తరకుమారుని చెట్టెక్కించి గాండీవాన్ని దింపించుకొన్నాడు. ఆయుధంకోసం యజమాని తిరిగి వచ్చినాడు. కథ ముందుకు సాగినది. రాకపోయి ఉంటే ఆ చెట్టు, ఆ మూట ఏమయ్యేవో మనం ఎన్నడూ ఆలోచించి ఉండము.

2014వ సంవత్సరం నవంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో అటువంటి సంగతి ఒకటి బయటపడినది. ఆ రాష్ట్రపు తూర్పు అంచున గ్రేట్ బేసిన్ అనే జాతీయ వనం ఉన్నది. వట్టిపోయిన కొండలు, వాటి నడుమ జూనిపర్ చెట్లు. పురాతత్త్వ పరిశోధకులు కొందరు పాతకాలపు జాడలు వెదకుతూ అక్కడ తిరుగుతుండగా, ఒక చెట్టును ఆనుకొని ఎండుకొమ్మవలె నిలిచి ఉన్న వస్తువొకటి కంటబడినది. దగ్గరకు పోయి చూడగా అది తుపాకి. భుజానికి ఆనించుకొనే కఱ్ఱభాగం ఎండకు ఎండి, వానకు తడిసి, బీటలువారి, చెట్టు బెరడు రంగుకు తిరిగి ఉన్నది. దాని అడుగు కొన్ని అంగుళాలమేర మట్టిలో పూడిపోయినది. ఇనుము త్రుప్పు పట్టినదేగాని దానిమీద చెక్కిన అక్షరాలు చదువవీలైనవి. అది 1873వ సంవత్సరపు నమూనా వించెస్టరు రైఫిలు. వరుస సంఖ్యనుబట్టి విచారింపగా 1882లో తయారైనదని తేలినది.

ఎవరు ఆనించినారో, ఎందుకు తిరిగి రాలేదో తెలియదు. ఆ కొండలలో గనులు త్రవ్వినవారున్నారు, పశువులు మేపుకొన్నవారున్నారు, జింకలవేటకు పోయినవారున్నారు. ఆ నమూనా తుపాకి మొదట విపణికి వచ్చినపుడు ధర సుమారు 50 డాలర్లు. 1882 నాటికి 25 డాలర్లకు దిగినది. అయినను ఆనాటి పశువులకాపరికి అది దాదాపు నెలజీతం. అంత సొమ్ము పోసి కొన్నవాడు దానిని మరచిపోయి ఇంటికి పోగలడా? ఇప్పటికిని ఇటువంటి పాత తుపాకులను ఇండ్లలో దాచుకొన్న కుటుంబాలు అమెరికాలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. ఆ వార్త చదివినపుడు వారికి ముందుగా తోచిన ప్రశ్న ఇదే అయి ఉండును. ఆ తుపాకులపై వారికిగల మమకారం అటువంటిది. ఆ మమకారం సంగతే ఈ వ్యాసం. తుపాకి ఎత్తి ఎరుగని మనబోటివారికి అది వింతగా తోచవచ్చును. ఐతే తాతగారి ఘంటాన్నో, అవ్వ త్రిప్పిన తిరుగలినో పారవేయలేక అటకమీద ఉంచుకొన్నవారికి కొంత అర్థమగును.

ముందు ఆ యంత్రం తీరు చెప్పవలెను. ఈ తుపాకులను లీవరు రైఫిళ్ళని అందురు. ట్రిగ్గరుకు కాపుగా ఉండే ఇనుపబద్దే వెనుకకు సాగి, నాలుగువ్రేళ్ళు దూరేటంత వలయమై ఉండును. అదే లీవరు. దానిని క్రిందికి త్రోయగా పేలిన తూటా తొడుగు ఎగిరి బయటపడును, వెనుకనున్న సుత్తి వంటి భాగం తనంతట లేచి నిలుచును. మరల పైకి లాగగా క్రొత్త తూటా గొట్టంలోనికి ఎక్కి తలుపు మూసుకొనును. త్రోపు ఒకటి, లాగు ఒకటి, అంతే పని. తూటాలు గొట్టం క్రిందనే అమర్చిన మరొక గొట్టంలో, రైలుపెట్టెలవలె ఒకదానివెనుక ఒకటి నిలిచి ఉండును. ఈ అమరికలో ఒక చిక్కున్నది. తూటా కొన సూదిగా ఉన్నచో, తుపాకి పేలినప్పటి అదటుకు అది ముందున్న తూటా అడుగుభాగాన మందుబిళ్ళను పొడిచి, గొట్టంలోనే ప్రేలిపోగలదు. అందుచేత వీటికి మొండికొన తూటాలే వాడవలసి వచ్చినది. మొండికొన గాలిని సూదికొనవలె చీల్చుకొని పోలేదు. దూరం పెరిగినకొలది వేగం తగ్గును. కనుక ఇది దగ్గరవేటకు, గుబురుచెట్ల నడుమ జింకకోసం పొంచి నడిచే వేటకు తగిన తుపాకి. దూరాన్ని గురికొట్టడంలో దీనికంటె మేలైనవి నూరేండ్లకు పైబడి వస్తూనే ఉన్నవి. యజమానులకు ఈ సంగతి చక్కగా తెలియును. తెలిసియే దీనిని వదలరు.

ఈ వంశానికి మూలపురుషుడు ఒక చొక్కాల వ్యాపారి అంటే నమ్మడం కష్టం. ఆలివర్ వించెస్టర్ అనునతడు కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్ పట్టణంలో చొక్కాలు కుట్టించి ధనం గడించి, నష్టాలలోనున్న ఒక తుపాకుల కంపెనీలో ఆ ధనం పెట్టినాడు. అతని కర్మాగారంలోని బెంజమిన్ టైలర్ హెన్రీ అనే పనివాడు 1860లో పదహారు తూటాలు పట్టే లీవరు తుపాకికి హక్కుపత్రం పొందినాడు. తుపాకి అంటే ఒక దెబ్బ కొట్టి మరల మందు దట్టించుకొనే కాలమది. 1866లో వించెస్టరు పేరుతో మొదటి తుపాకి వచ్చినది. నడిమిభాగం ఇత్తడివన్నె లోహం కావడంచేత దానికి పసుపుపిల్లవాడని ముద్దుపేరు పడినది. దాని తరువాతిదే మన చెట్టుక్రింది 1873 నమూనా. అవి ఏడు లక్షల ఇరవైవేలకు పైగా తయారైనవి.

వేటగాండ్ర మనస్సును దోచినది మాత్రం 1894 నమూనా. దానిని రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఉటా రాష్ట్రంలోని ఆగ్డెన్ అనే చిన్న ఊరిలో తండ్రి తుపాకులు బాగుచేసే కొట్టులో పని నేర్చినవాడు. ఆ మరుసటి ఏడు ఆ తుపాకికి పొగరాని మందుతో థర్టీ-థర్టీ అనే తూటా వచ్చి జతగూడినది. ఆపై ఆ జంట అమెరికా పల్లెల ఇండ్లలో గోడగడియారంవలె మామూలు వస్తువైపోయినది. ఆ నమూనా తుపాకులు 70 లక్షలకు మించి తయారైనవని లెక్క. 1927లో పది లక్షలవ తుపాకిని దేశాధ్యక్షుడు కూలిడ్జికి బహూకరించినారు. కాని దాని గౌరవం అధ్యక్షుల చేతులలో లేదు. శరత్కాలంలో ఏడాదికి కొద్దిదినాలు గోడనుండి దిగి, ఒక జింకను ఇంటికి తెచ్చి, చలికాలానికి మాంసం సమకూర్చి, నూనె పూయించుకొని మరల గోడకెక్కే తుపాకి అది. తండ్రి దానిని కొడుకుకు ఇచ్చేటప్పుడు మొదట ఒకే ఒక తూటా ఇచ్చి అడవికి పంపేవాడని ఆ పల్లెలవారు చెప్పుకొందురు. ఉన్నది ఒకటే అయినపుడు గురి తప్పకుండ చూచుకొనవలెనన్న బుద్ధి పుట్టును గదా!

మమకారం ఎక్కడ నిలిచి ఉన్నదో చూపుమని అడిగితే ఆ యజమానులు వ్రేలుపెట్టి చూపగలరు. తుపాకి నడిమిభాగం పలుచని, చదునైన ఉక్కుపెట్టె. బరువు అక్కడ సరితూగును గనుక అడవిలో నడిచేవాడు ఒంటిచేత దానినే పట్టుకొని నడుచును. క్రొత్తలో ఆ ఉక్కుకు నల్లని నీలిమెరుగు ఉండును. ఏండ్ల తరబడి అరచేతి చెమట, రాపిడి తగిలి ఆ మెరుగు చెరిగిపోయి, అక్కడ ఉక్కు వెండివలె తెల్లబడును. పట్టిన వాని వ్రేళ్ళు ఎంతవరకు చేరినవో ఆ తెలుపే చెప్పును. మన రోళ్ళకు పోటు పడి గుంట ఏర్పడినట్లు, గుడి గడపలు మధ్య అరిగినట్లు. ఆ అరుగుడును తుడిచి క్రొత్తమెరుగు పెట్టించడం పాతతుపాకుల లోకంలో తప్పుపని. మెరుగు పెట్టించినచో ధర సగానికి పడిపోవునని వర్తకులు హెచ్చరింతురు. ధరమాట అట్లుంచి, ఇంటివానికి అది వేరు నష్టం. తాతచేయి ఎక్కడ పట్టినదో అక్కడనే తనచేయిని పట్టుకొనే వీలు పోవును.

ఇక్కడ ఒక పాత అన్యాయం సంగతి చెప్పక తప్పదు. ఆ యజమానులు ఇప్పటికిని దానిని మరువలేదు. 1964లో వించెస్టరు కంపెనీ తుపాకుల తయారీ మార్చినది. కూలి ఖర్చులు పెరిగినవి, యంత్రాలతో ఒక్కొక్క ముక్కను తొలిచి, చేతితో అరగదీసి కూర్చే పద్ధతి గిట్టుబాటు కాదని తలచినారు. ఉక్కు దిమ్మనుండి తొలిచే కొన్ని భాగాల బదులు రేకును అచ్చుగొట్టి పెట్టినారు. నడిమిపెట్టె లోహం మార్చినారు. ఆ క్రొత్తలోహం మామూలు నీలిమెరుగును పట్టదు, పట్టినది నిలువదు. అనగా తాతచేయి క్రింద తెల్లబడే గుణమే పోయినది. వేటకు ఆ క్రొత్త తుపాకులు పనికిరానివని కాదు. జింకలు వాటితోను పడినవి. అయినను అరువదేండ్లు దాటిన తరువాతకూడా 1964కు ముందుదా, తరువాతిదా అన్నదే కొనువాని మొదటి ప్రశ్న. చరిత్రలో క్రీస్తుకు పూర్వం, క్రీస్తుశకం అన్నట్లు వారు కాలాన్ని ఆ ఏటితో చీల్చుకొన్నారు. తమ ఇంటి వస్తువును, తమను అడుగకుండ, ఎవరో లెక్కలపుస్తకం చూచి పలుచన చేసినారన్నదే వారి కోపమని నాకు తోచును. న్యూహేవెన్ కర్మాగారం చివరకు 2006లో మూతపడినది. నేడు ఆ పేరుగల తుపాకులు జపానులో తయారగుచున్నవి. పనితనం చక్కనిదేనని పాతకాపులుకూడా ఒప్పుకొందురు, ఒక నిట్టూర్పుతో.

ఇదే తోవలో మార్లిన్, సావేజ్ అనే పేర్లున్నవి. మార్లిన్ తుపాకి ఖాళీతొడుగును ప్రక్కకు విసరును గనుక పైన దూరదర్శిని బిగించుకొనే వీలున్నది. ఆర్థర్ సావేజ్ జమైకాదీవిలో పుట్టినవాడు. ఇతడు 1890 ప్రాంతపు సంవత్సరాలలో, తూటాలు గొట్టంలో వరుసగా కాక చక్రంచుట్టూ తిరిగేటట్లు అమర్చి, సూదికొన చిక్కును తీర్చినాడు. తుపాకిలో ఎన్ని తూటాలు మిగిలినవో చిన్నకిటికీలో అంకె కనిపించే ఏర్పాటుకూడా చేసినాడు. ముచ్చటైన పని! వీటి అభిమానులు వేరు. వారి వాదాలు వేరు. ఆ వాదాలలోనికి మనం దిగనక్కరలేదు.

మమకారానికి రెండవవైపు కూడ ఉన్నది. పడమటిసీమను జయించిన తుపాకి అని ఆ కంపెనీవారు 1873 నమూనానుగూర్చి ప్రకటించుకొనేవారు. జయించినదంటే ఎవరినుండి జయించినదని అడుగవలెను. ఆ నేలమీద ముందునుండి ఉన్న జాతులవారు ఈ తుపాకులను ఎదుర్కొన్నారు. సంపాదించుకొని వాడినారు కూడ. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ సేనాని అశ్వికులకు ఒక్కొక్క తూటా పట్టే తుపాకులే ఉండగా, ఎదుటి లకోటా, షైయెన్ వీరులలో పలువురి చేతులలో హెన్రీ, వించెస్టరు తుపాకులున్నవి. 1983లో అక్కడి గడ్డి కాలిపోయిన పిదప నేలను శోధింపగా దొరికిన తూటా తొడుగులు ఈ సంగతిని రుజువుచేసినవి. వారు తమ తుపాకుల కఱ్ఱకు ఇత్తడిమేకులు వరుసలుగా గ్రుచ్చి అలంకరించుకొనేవారు. అటువంటి మేకుల తుపాకులు నేడు ప్రదర్శనశాలలలో ఉన్నవి. ఆ చేతులకున్న మమకారం మనుమలవరకు సాగలేదు.

1881 జూలైలో సిట్టింగ్ బుల్ అనే లకోటా నాయకుడు, అనుచరులు ఆకలితో అలమటించి తరిగిపోగా, కెనడానుండి దిగివచ్చి డకోటా భూమిలోని ఫోర్ట్ బ్యూఫర్డ్ వద్ద లొంగిపోయినాడు. తన తుపాకిని తానై అధికారిచేతికి ఇయ్యలేదు. ప్రక్కనున్న బాలునికి, తన కొడుకుకు ఇచ్చి, వానిచేత ఇప్పించినాడు. అదికూడ వించెస్టరే. తండ్రి కొడుకుచేతిలో తుపాకి పెట్టడం అమెరికా పల్లెటూళ్ళలో ఎంతటి పండుగయో పైన చెప్పుకొన్నాము. ఈ తండ్రియు పెట్టినాడు.

వన్యమృగాలమాట కూడ అంతే. పందొమ్మిదవ శతాబ్ది ముగిసేనాటికి అమ్మకపు వేట ముదిరి, తెల్లతోక జింక అనేక రాష్ట్రాలలో కనుమరుగయ్యే గతి పట్టినది. 1900లో వచ్చిన లేసీ చట్టం దొంగవేట మాంసం రాష్ట్రాలు దాటి అమ్మకానికి పోకుండ ఆపినది. 1937లో మరొక చట్టంచేత వేటతుపాకులపైన, తూటాలపైన వచ్చే పన్ను ధనాన్ని వన్యప్రాణుల పునరుద్ధరణకే వినియోగింపసాగినారు. జింకలు మరల పెరిగినవి. తాత తుపాకి నేటికిని అడవికి పోగలుగుచున్నదంటే, కొంతకాలం దానిని గోడకు కట్టిపెట్టిన చట్టాల పుణ్యం అందులో ఉన్నది. ఈ మాట తుపాకుల అభిమానులలో వివేకులు ఒప్పుకొందురు, అందరూ కాదు.

ఈ తుపాకి మన తెలుగునేలకు రాలేదనుకొనవద్దు. బ్రౌనింగ్ రూపొందించిన 1895 నమూనా వించెస్టరు ఒకటి చిత్తూరు కొండలలో తిరిగినది. దానిలో తూటాలు గొట్టంలో కాక అడుగున పెట్టెలో ఉండును గనుక సూదికొన భయం లేదు, పెద్దతూటాలు వేయవచ్చును. మొదటి ప్రపంచయుద్ధంలో రష్యా ప్రభుత్వం తన సైన్యానికి ఇటువంటివి సుమారు మూడు లక్షలు కొన్నది. 1904లో దానికి ఫోర్-నాట్-ఫైవ్ అనే బలమైన తూటా వచ్చినది. అధ్యక్షపదవి వదలిన థియోడర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు పోయినపుడు సింహాలకోసం వెంట తీసికొనిపోయినది దానినే. మనదేశంలో దానిని చేపట్టినవాడు కెనెత్ ఆండర్సన్. సికింద్రాబాదు ప్రక్క బొల్లారంలో 1910లో పుట్టి, బెంగుళూరులో స్థిరపడి, మనుషులను తినమరిగిన పులులను, చిరుతలను వేటాడి, ఆ అనుభవాలను ఇంగ్లీషులో పుస్తకాలుగా వ్రాసిన స్కాట్లండు సంతతివాడు. 1954లో వెలువడిన అతని మొదటి వేటకథల సంపుటిలోనే చిత్తూరుజిల్లా చామల లోయలో చెలరేగిన పెద్దపులి కథ ఉన్నది. నల్లమల అడవులనుగూర్చియు వ్రాసినాడు.

అతని పుస్తకాలు చదివినవారికి ఆ ఫోర్-నాట్-ఫైవ్ వించెస్టరు ఒక పాత్రవలె పరిచయమగును. ఆనాడు ఇండియాలోని దొరల వేటలకు ఇంగ్లండునుండి వచ్చే జంటగొట్టాల ఖరీదైన తుపాకులు గౌరవచిహ్నాలు. ఆండర్సన్ రాజులతో వేటకు పోయేవాడు కాడు. పూజారికులస్థుడు బైరా అనే అడవిమనిషితో కలిసి కాలినడకన తిరిగేవాడు. చెట్టుక్రిందనో, కొమ్మమీదనో ఒంటరిగా రాత్రంతా కూర్చొనువానికి, మొదటి దెబ్బ తప్పితే రెండవది, మూడవది వెంటనే అందించే తుపాకి కావలెను. ఆ నమూనా తయారీ 1940 నాటికి ఆగిపోయినది. అయినను తరువాత వ్రాసిన పుస్తకాలలోకూడా అతని భుజాన అదే తుపాకి. పోనుపోను వేటపై మక్కువ తగ్గి, అడవిని, మృగాలను కాపాడవలెనన్న మాట అతని రచనలలో పెరిగినది. 1972లో మనదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినది. 1974లో అతడు కన్నుమూసినాడు. తుపాకిని ప్రేమించినవాడే అడవి మౌనమగుచున్నదని బెంగపెట్టుకొన్నాడు. ఈ రెండును ఒకే మనస్సులో ఇమిడినవి. వీటిని విడదీసి ఒకటి మెచ్చి, మరొకటి ఖండించడం నా వల్ల కాలేదు.

వయోమింగు రాష్ట్రంలో కోడీ అనే ఊరు ఉన్నది. అక్కడి ప్రదర్శనశాలలో వించెస్టరు కంపెనీ పాతదస్తరాలు భద్రపరచినారు. తుపాకి వరుససంఖ్య వ్రాసి పంపినచో, ఆ తుపాకి ఏదినాన గిడ్డంగిలో చేరినది, గొట్టం గుండ్రనిదా ఎనిమిది పలకలదా, ఏదినాన బయటికి పంపినారన్న వివరాలు ఉత్తరంగా వచ్చును. అన్ని తుపాకులకూ దస్తరాలు దొరకవు. దొరికినవారు ఆ కాగితాన్ని చట్రం కట్టించి తుపాకి ప్రక్కన వ్రేలాడదీయుదురు. జాతకం వ్రాయించుకొన్నట్లే! చిత్రమేమనగా కొన్నవాని పేరు మాత్రం సాధారణంగా అందులో ఉండదు. పేరు ఇంటివారు నోటితో చెప్పుకొనవలసినదే.

నెవాడా చెట్టుక్రింద దొరికిన తుపాకిని కూడ కోడీకే తీసికొనిపోయినారు. దస్తరంలో 1882 నాటి తేది ఉన్నది, పేరు లేదు. నిపుణులు దానిని క్రొత్తదిగా చేయలేదు. పొట్టులు లేచే కఱ్ఱను ఊడిపోకుండ జిగురుతో అతికినారు. బీటలు, నెరుపు, త్రుప్పు ఉన్నవి ఉన్నట్లే ఉంచినారు. లోపల ఇంకను తూటా ఉన్నదేమోనన్న అనుమానంతో ఊరి ఆసుపత్రికి తీసికొనిపోయి, రోగికి తీసినట్లు ఎక్స్‌రే తీయించినారు. గొట్టంలో తూటా లేదు. తుపాకి ఖాళీగానే చెట్టుకు ఆనించబడినది. కాని భుజానికి ఆనే కఱ్ఱలో, తుడుపుకఱ్ఱలు దాచుకొనే తొఱ్ఱలో ఏదో ఇరుక్కొని ఉన్నట్లు ఛాయాచిత్రంలో కనబడినది. తెరచి చూడగా తూటా ఒకటి. 1887కును 1911కును నడుమ తయారైనరకం. అనగా ఆ తుపాకి కర్మాగారం వదలి కనీసం అయిదేండ్లయిన తరువాత ఎవరో దానిని అక్కడ పెట్టినారు. పేలని తూటా, చేతికి వెంటనే అందనిచోట, తలుపు మూసి.